బేతంచెర్ల బండ మీద యాసిడ్ క్యాను

ఆసుపత్రిలో మమ్మల్ని మొదట అడిగిన మాట "ఏం తాగినారు?" అని.

ఎరువుల అంగడి నడిపే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకేసారి కళ్ళు ఎర్రగా వాచిపోయి, నోటెంబడి నురగ కారుతూ ఆటోలోంచి దిగితే ఎవరైనా అదే అడుగుతారు. మా వైపు ఆ ప్రశ్న అడగడం డాక్టర్లకు అలవాటే. మేం ఏమీ తాగలేదు. పీల్చాం. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆ రోజు మా ఇద్దరికీ గొంతు లేదు.

నా పేరు హుసేనమ్మ. మాది ఆళ్లగడ్డ. ఇప్పుడు నా ఊపిరి కొంచెం నిలకడగా ఉంది. మెట్లు ఎక్కకపోతే, తాలింపు దగ్గర నిలబడకపోతే, ఫినాయిల్ వాసన తగలకపోతే మనిషిలాగానే ఉంటాను. రొంటిన పీల్చుకునే మందు లేకుండా వాకిలి దాటను. మా అమ్మాయి ఇదంతా రాయడం ఎందుకమ్మా, మర్చిపో అంటుంది. మర్చిపోయే వయసులో ఉన్నానుగానీ, ఇది మర్చిపోయే సంగతి కాదు. అంగడి పెట్టుకున్నవాళ్ళు, తోటలున్నవాళ్ళు ఒకసారి చదివి తమ గదిలోకి పోయి చూసుకుంటారని ఒక ఆశ. నా గుండె మీద ఉన్నది ఒకటి దించుకోవాలని ఇంకో ఆశ.

మా ఆయన దస్తగిరి ఇరవై ఏళ్ళకు పైగా ఆ అంగడి నడిపాడు. ఒక ఏడాది మా దగ్గర కొన్న పురుగుమందు సీసాలో మిగిలినదాన్ని పక్క ఊరి మనిషొకడు ఇంట్లో మాటా మాటా పెరిగి తాగేశాడు, బతకలేదు. ఆ తర్వాత రెండు రోజులు మా ఆయన అంగడి తెరవలేదు. మూడో రోజు తెరిచి, వచ్చిన ప్రతి రైతుకూ ఒకటే చెప్పడం మొదలుపెట్టాడు. వాడగా మిగిలింది ఇంట్లో పెట్టుకోవద్దప్పా, ఈడ పెట్టిపోండి, మళ్ళీ పని పడ్డప్పుడు తీసుకుపోదురు అని. రైతులకూ అదే మేలనిపించింది. ఇంట్లో పిల్లలుంటారు, కోపతాపాలుంటాయి. అట్లా ఊళ్ళ మిగులంతా మా ఇంటికి చేరింది. ప్రతి డబ్బాకూ పేరు రాసిన గుడ్డపీలిక కట్టేవాడు. అవి పెట్టే గదిని మేం మిగులు గది అనేవాళ్ళం.

ఆ గది అంగడికీ మా వంటింటికీ మధ్య ఉంటుంది. అటొక తలుపు, ఇటొక తలుపు. కిటికీ లేదు. పైన జానెడు గవాక్షం ఉంటే, పావురాలు దూరుతున్నాయని దానికి గోనెసంచి కుక్కిపెట్టింది నేనే. గోడల్లోకి బేతంచెర్ల బండలు దించి అరలు కట్టించాం. మా దగ్గర అన్నిటికీ ఆ బండే. నేలకూ అదే, అరుగుకూ అదే, గుడ్డలుతకడానికీ అదే. రాయి కదా, ఎంత బరువైనా మోస్తుందని ధైర్యం.

ఆ అరల్లో నా రొమ్ము ఎత్తున ఉన్న బండ మీద ఓబులేసు క్యాను ఉండేది. ఓబులేసుకు అరటి తోట ఉంది. అక్కడి బోరు నీళ్ళల్లో సున్నం ఎక్కువ, డ్రిప్పు పైపుల బెజ్జాలు తెల్లగా పూడుకుపోతాయి. యాసిడ్ కలిపి పారిస్తే ఆ సున్నం కరిగి నీళ్ళు మళ్ళీ చుక్కచుక్కగా పడతాయి. బేతంచెర్ల బండ అంటే సున్నపు రాయే. సున్నం కరగడానికని మేమే అమ్మే యాసిడ్‌ను తీసుకుపోయి సున్నపు రాయి మీద పెట్టుకున్నాం. నవ్వొస్తే నవ్వండి. నేను కూడా ఆసుపత్రి మంచం మీద ఒకసారి నవ్వబోయాను. దగ్గు తెరలు ఆగక నర్సు పరుగెత్తుకొచ్చింది.

క్యాను మూత దగ్గర సన్నగా చెమర్చేది. బండ మీద నురగ తేలి, ఆరాక తెల్లటి పొడి మిగిలేది. నెలల తరబడి నేను దాన్ని తడిగుడ్డతో తుడుస్తూ వచ్చాను. ఒకరోజు తుడుస్తుంటే వేలి కింద బండ అంచు పిండిలా రాలింది. ఆయనకు చెప్పాను.

"బండ మెత్తబడేదేందిమే? నీ తల మెత్తబడింది" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నేను ఆ మాటను గట్టిగా పట్టుకుని ఉంటే ఈ రాత ఉండేది కాదు. కానీ నేను పట్టుకోలేదు, ఇంట్లో పని ఎదురుగా ఉంటే అటు పోయాను.

ఇంకొకటి చెప్పాలి. మా నీళ్ళ తొట్టిలోకీ, మా వీధి మసీదు ట్యాంకులోకీ వేయడానికి బ్లీచింగ్ పౌడరు సంచి ఒకటి ఎప్పుడూ మా ఇంట్లో ఉంటుంది. దాన్ని వెనక వసారాలో పెట్టేదాన్ని. ఆ వారం వాన పట్టుకుని వదల్లేదు. జల్లు కొట్టి సంచి తడుస్తోందని లోపలికి లాక్కొచ్చి మిగులు గదిలో పెట్టాను. ఖాళీగా కనిపించిన చోటు ఓబులేసు క్యాను ఉన్న బండ కింద. సంచి మూతికి పాత చీర పీలికతో వదులుగా ముడేశాను.

సాయంత్రం ఆయన చూశాడు.

"ఈ సంచి ఈడ పెట్టినావేందిమే? యాసిడ్ కింద ఇది పెట్టగూడదని తెల్దా నీకి?"

"వసారాలో జల్లు కొడ్తాంది. రేపు తీస్తాలే."

"మర్చిపోగాకు."

తెలియక కాదు. ఆ రెండూ కలిస్తే విషపు గాలి పుడుతుందని ఆయన రైతులకు చెప్తుంటే వంటింట్లోంచి వెయ్యిసార్లు విని ఉంటాను. రేపు తీద్దాం అనుకున్నాను, అంతే.

ఆ రోజు

మరుసటి రోజు పొద్దున్నే వాన తెరిపి ఇచ్చింది. పదకొండు గంటలప్పుడు ఓబులేసు క్యాను కోసం వచ్చాడు. నేను వంటింట్లో జొన్నరొట్టెలు తడుతున్నాను. మిగులు గదిలో మా ఆయన క్యానును తనవైపు జరుపుకుంటున్న చప్పుడు వినిపించింది. బండకు రాసుకుంటూ వచ్చే గరగర చప్పుడు. ఆ వెంటనే రోలు పగిలినట్టు పెద్ద చప్పుడు. బండ విరిగి క్యాను కింద సంచి మీద పడి పగిలింది.

తలుపు తోశాను. మోకాళ్ళ ఎత్తున పచ్చటి పొగ, ఆకుపచ్చా పసుపూ కాని రంగు. మా ఆయన దాన్లోకి వంగి క్యానును నిలబెట్టాలని చూస్తున్నాడు. పారిపోవాల్సిన మనిషి, ఓబులేసు సరుకు ఒలికిపోతోందని వంగాడు. ఆ గాలి బరువు, కిందనే ఉంటుంది. వంగినవాడికే ఎక్కువ తగిలింది.

నేను లోపలికి పోయాను. అదే నేను చేసిన రెండో తప్పు. మూడు అడుగులు వేశానో లేదో, ఎండుమిరపకాయల పొగను గొంతులో పోసినట్టయింది. ఛాతీని ఎవరో తడిబట్టను పిండినట్టు పిండారు. కళ్ళు మూతపడ్డాయి, అక్కడే కూలబడ్డాను. అప్పటికి ఆయన అంగడి వైపు తలుపు దగ్గరికి చేరుకున్నాడట. ఓబులేసు తర్వాత చెప్పాడు. ఒక కాలు బయట పెట్టిన మనిషి నేను పడిన చప్పుడు విని వెనక్కి తిరిగాడు. నన్ను భుజాలు పట్టి వంటింట్లోకి నెట్టి, తాను గడప మీద పడ్డాడు. ఓబులేసు తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని వీధిలోంచి తిరిగి వచ్చి, ఇద్దరినీ కాళ్ళు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు.

పక్కింటామె పాపం మంచిదే. మందు తాగామనుకుని చింతపండు నీళ్ళు కలిపి నోట్లో పోసింది. కక్కించాలని ఆమె ఆత్రం. దగ్గుతున్న గొంతులో ఆ నీళ్ళు ఊపిరి దారిలోకి పోయి ఇంకా ఉక్కిరిబిక్కిరయ్యాను. ఆమెను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. గాలి పీల్చినవాళ్ళకు ఏదీ తాగించకండి. బయట గాలిలోకి తెచ్చి, కళ్ళు, ఒళ్ళు నీళ్ళతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఆళ్లగడ్డలో ఆక్సిజన్ పెట్టి అంబులెన్సులో నంద్యాలకు పంపారు. దారి పొడుగునా నాకు ఒకటే లెక్క. ఈ ఊపిరి అయింది, ఇంకోటి వస్తుందా. వచ్చింది, ఇంకోటి వస్తుందా. మధ్యలో దేవుణ్ణి తలచుకోవడానికి కూడా వ్యవధి దొరకలేదు.

మొదటి అయిదు రోజులు

ఐసీయూలో మా ఇద్దరి మంచాల మధ్య ఒక పచ్చ తెర ఉండేది. ఆయన దగ్గు నాకు వినపడేది, నా దగ్గు ఆయనకు. కాసేపు ఒకరి దగ్గు ఆగితే రెండోవాళ్ళకు భయం. గొంతులో మాట లేదు, ఈల లాంటి చప్పుడొక్కటే. నర్సమ్మ నా అవస్థ చూసి తన చేతిలోని చిన్న రాతప్యాడు, పెన్నూ ఇచ్చి, కావాల్సింది దీని మీద రాయి అత్తా అంది. ఆ ప్యాడు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో మొదటి పేజీల్లో "నీళ్ళు", "కాళ్ళు చలి", "ఆయనెట్లున్నాడు" అని వంకరటింకరగా ఉంటుంది. మూడో మాటే ఎక్కువసార్లు ఉంది.

మా అమ్మాయి షాహిదాను నంద్యాలలోనే ఇచ్చాం. ఆ పిల్ల బయట ఇనుప కుర్చీలో రెండు పూటలూ కూర్చునేది. అత్తగారింట్లో చిన్నబిడ్డను వదిలి వచ్చింది. చాగలమర్రిలో పరుపుల అంగడి నడిపే మా అన్న మౌలాలి రెండో రోజుకే వచ్చాడు. మందులు తెచ్చిందీ, డాక్టర్ల వెంట తిరిగిందీ ఆయనే. ఆ రుణం నేను కాదనను. కానీ మా అన్న నోరు ఊరుకోదు. ఊరోళ్ళ విషమంతా ఇంట్లో కుప్పేసుకున్యాడు ధర్మాత్ముడు, నా చెల్లెలిని చంపేందుకు అని వరండాలో వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. తలుపు తెరిచినప్పుడల్లా ఆ మాటలు లోపలికి వచ్చేవి. మా ఆయనకూ వినపడే ఉంటాయి.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పోలీసాయన వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చాడు. తెర నేలకు జానెడు ఎత్తున ఆగిపోతుంది, నాకు ఆయన బూట్లు మాత్రమే కనిపించాయి. క్యాను సంగతి అడిగాడు, బండ సంగతి అడిగాడు. తర్వాత, బ్లీచింగ్ సంచి యాసిడ్ కింద ఎవరు పెట్టినారని అడిగాడు.

మా ఆయన మాస్కు కిందికి లాగుకున్న చప్పుడు వినిపించింది.

"నేనే పెట్టినా సార్. మా ఇంటామె ఆ గదిలోకే రాదు."

అంతసేపు మాట్లాడినందుకు దగ్గు తెర వచ్చింది. నర్సమ్మ పోలీసాయన్ను చాలించమంది. బూట్లు వెళ్ళిపోయాయి.

నేను కదల్లేదు. నాకు గొంతు లేదన్నది నిజమే. కానీ చెయ్యి ఉంది, ఎత్తొచ్చు. ప్యాడు పొట్ట మీదే ఉంది, రాయొచ్చు. రాయలేదు. బయట మా అన్న ఉన్నాడని రాయలేదు. కూతురు నా ముఖం ఎట్లా చూస్తుందోనని రాయలేదు. నాకు జైలు వస్తుందేమోనని కూడా భయపడ్డాను. ఆయన ఎట్లాగూ బాగై లేస్తాడు, ఇంటికి పోయాక ఇద్దరం తీరిగ్గా మాట్లాడుకోవచ్చు అనుకున్నాను. సిగ్గుగా ఉంది గానీ ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

నాలుగో రోజు నాకు కొంచెం నయమైంది. ఆయన దగ్గర అయిదు నిమిషాలు కూర్చోబెట్టమని ప్యాడు మీద రాస్తే నర్సమ్మ కుర్చీ వేసింది. ఆయన ముఖం బూడిదరంగులో ఉంది. నన్ను చూసి నవ్వాడు.

"రొట్టె పెనం మీదనే వదిలేసి వచ్చింటావ్. మాడిపోయింటాది" అన్నాడు.

నోరు తెరవబోతే, మాట్లాడొద్దు, దగ్గొస్తాదని చెయ్యి అడ్డం పెట్టాడు. నేను ప్యాడు తీసి రాశాను. "నేను పెట్టింది నువ్వు పెట్టినానని ఎందుకు చెప్పినావు" అని. ఆయన ముఖం ముందు పట్టుకున్నాను. కళ్ళు చికిలించి చూశాడు, ఇంకొంచెం దూరం పట్టమని సైగ చేశాడు. అయినా అక్షరాలు ఆనలేదు.

"అద్దాలు అంగట్లోనే ఉండాయి. తర్వాత సదువుతాలే."

అయిదో రోజు పొద్దున ఆయన ఊపిరి అందుకోవడం కష్టమైంది. గొంతులో గొట్టం వేసి మిషను పెట్టారు. మళ్ళీ ఆయన మాట నేను వినలేదు.

పదకొండో రోజు

ఆ రోజు తెర అవతల చాలా అడుగుల చప్పుడు, తర్వాత ఏమీ లేదు. నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. షాహిదా లోపలికి వచ్చి నా పాదాల దగ్గర తల పెట్టుకుంది. నేను దాని తల నిమురుతూ ఉన్నాను. ఏడిస్తే ఊపిరి ఆడదు. భర్త పోయిన రోజు తనివితీరా ఏడవడానికి కూడా లేకపోయింది నాకు.

అదే రోజు ఆళ్లగడ్డకు తీసుకుపోయి మట్టి చేయాలన్నారు. నన్ను పంపడానికి డాక్టరు ఒప్పుకోలేదు. నర్సమ్మ తన డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయా ఆక్సిజన్ సిలిండరు లాక్కుంటూ పక్కన నడిచింది. అంబులెన్సు తలుపు దగ్గర గుడ్డ తీసి ముఖం చూపించారు. కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే ముడత పోయింది. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను, ఈల చప్పుడే వచ్చింది. వెనక వరుసలో మా అన్న ఎవరితోనో చేజేతులా చేసుకున్యాడని అంటున్నాడు. తలుపు మూశారు.

మూడు రోజుల తర్వాత నన్ను ఇంటికి పంపారు.

ఇంటికి వచ్చాక

జబ్బు ఆసుపత్రిలోనే అయిపోతుందని అనుకుంటాం. ఇంటికి వచ్చాకే అసలు తెలుస్తుంది. వాకిలి ఊడ్చితే దుమ్ము, పొయ్యి దగ్గర పొగ, ఎవరైనా అత్తరు పూసుకొస్తే అది. దేనికైనా ఛాతీ బిగుసుకుపోయేది. నా గొంతు నా గొంతులా లేదు, పాత తలుపు తీసినట్టు కిరకిరమనేది. ఫోనులో మాట్లాడితే ఎవరండీ అని అడిగారు మా బంధువులే. వారానికోసారి నంద్యాలకు పోయి ఊపిరితిత్తుల డాక్టరమ్మకు చూపించుకోవాలి.

దానికీ పేచీ వచ్చింది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇంట్లోనే ఉండాల్సిన ఇద్దత్ తీరకముందే గడప దాటి బస్సెక్కుతుందా అని మా మేనత్త నోరు నొక్కుకుంది. మా అన్న ఆమెతో కలిశాడు. మసీదు ఇమాం సాబు సంగతి విని మా వాకిట్లోకి వచ్చి, లోపలికి చూడకుండానే, ప్రాణం నిలుపుకోవడానికి పోతోంది, ఆ తల్లిని పోనివ్వండని చెప్పి పోయాడు. ఆ తర్వాత ఎవరూ నన్ను ఆపలేదు. ఆ ముసలాయనకు నేను బతికున్నంతకాలం రుణపడి ఉంటాను.

నంద్యాల ఆసుపత్రి వరండాలో నాలాంటివాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. బండలు కోసే ఫ్యాక్టరీలో దుమ్ము మింగిన బేతంచెర్ల మనిషి ఒకాయన నా పక్కన కూర్చునేవాడు. మా ఇద్దరికీ ఆ బండలే చేశాయి ఇదంతా అని ఒకసారి చెప్పాను. ఆయన, బండలేం చేస్తాయక్కా, అవి పెట్టిన చోట ఉంటాయి అన్నాడు. ఆయనకు నా సంగతి ఏమీ తెలియదు. ఆ రోజు డాక్టరమ్మ పిలిచినా రెండుసార్ల దాకా నాకు వినపడలేదు.

ఇంట్లో మిగులు గదికి తాళం వేసే ఉంది. వంటింట్లో నిలబడినప్పుడల్లా నా వీపు ఆ తలుపు వైపే ఉన్నట్టు తెలిసేది. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. మంచోడే, కాని ఇంత అజాగ్రత్త ఏంది, పెళ్ళాన్ని కూడా తీసుకుపోతాండె అని. నేను తల వంచుకుని వినేదాన్ని. నన్ను ఓదార్చడానికి వాళ్ళు ఆయన్ను తిట్టేవాళ్ళు. నేను ఆ ఓదార్పు తీసుకున్నాను.

నలభైయో రోజు

ఆయన పేరున చదివించే ఫాతెహాకు మా వాళ్ళంతా వచ్చారు. ఆయన దగ్గర మిగులు పెట్టిన రైతులూ వచ్చారు, వసారాలో చాపల మీద కూర్చున్నారు. ఓబులేసు ఒక మూల కూర్చుని తలెత్తకుండా తింటున్నాడు. ఆయన కంట్లో ఆ పొగ తాలూకు ఎర్రజీర ఇంకా పోలేదు. నేను వంటింటి గడప లోపల పీట మీద కూర్చున్నాను.

మా అన్న వడ్డిస్తూ వడ్డిస్తూ మళ్ళీ మొదలుపెట్టాడు. యాసిడ్ కింద బ్లీచింగ్ పెట్టేవాణ్ణి యాడన్నా చూసినారా, ఊరికంతా చెప్పేటోడు తన ఇంట్లో మాత్రం చేసుకోలేకపాయె అని. ఓబులేసు చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది.

నేను గడప పట్టుకుని లేచాను. ఆ కిరకిర గొంతుతో నేను వాళ్ళ ముందు మాట్లాడటం అదే మొదలు.

"అన్నా, ఆ సంచి ఆయప్ప పెట్టలేదు. నేను పెడ్తి. ముందురోజు సాయంత్రం చూసి తీయమన్యాడు. రేపు తీస్తాలే అంటి. పోలీసాయనకు ఆయప్ప అబద్ధం చెప్పినాడు, నా కోసరం. నేను తెర ఇవతల ఇనుకుంటా పండుకుంటి."

అంత పొడుగు మాటకు ఊపిరి చాల్లేదు. రొంటినుంచి మందు తీసి పీల్చుకున్నాను. మా అన్న చేతిలో గరిటె అట్లాగే ఉంది. ఏం మాట్లాడతాడోనని చూశాను. ఆయన గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. షాహిదా నా వైపు చూడలేదు. రెండు రోజులు అది నాతో మాట్లాడలేదు, మూడో రోజు మందు వేసుకున్నావా అని అడిగింది.

ఓబులేసు మాత్రం కదల్లేదు.

"ఆ క్యాను నాదేకదక్కా. మూత కారతాందని నాకూ ఎరికే. మళ్ల చూద్దాంలే అనుకుంటి."

ఆ మాటకు ఒక్కొక్కరూ తమ డబ్బాల సంగతి చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన తన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇచ్చానన్నాడు. ఇంకొకాయన తన పేరు పీలిక ఎప్పుడో ఊడిపోయిందన్నాడు. ఆ వారంలోనే ముక్కుకు గుడ్డలు కట్టుకుని, గవాక్షంలోంచి నేను కుక్కిన గోనెసంచి లాగేసి, రెండు తలుపులూ ఒక రోజంతా తెరిచిపెట్టి, మిగులు మొత్తం తీయించి ఎవరి డబ్బా వాళ్ళకు అప్పజెప్పాం. నేను వీధి అవతల కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పాను. ఏది దేనిలో వచ్చిందో దానిలోనే ఉంచండి. యాసిడ్‌ను బండ మీద, ఇనుము మీద పెట్టొద్దు, ప్లాస్టిక్ తొట్టెలో నేల మీదనే పెట్టండి. బ్లీచింగ్‌ను దాని గదిలోకే రానీయొద్దు. యూరియా, పురుగుమందులు వేరువేరుగా, గాలాడే చోట, తాళం వేసి ఉంచండి. వంటింటి పక్కన వద్దే వద్దు. పొగ లేస్తే లోపల మీ తల్లి ఉన్నా సరే, ఉత్త ముఖంతో పోవద్దు. చివరి మాట చెప్తున్నప్పుడు నా గొంతు పోయింది. నాకోసం ఆయన వెనక్కి తిరిగిన సంగతి అందరికీ తెలుసు.

విరిగిన బండ ముక్కను వాళ్ళు బయటకు తెచ్చారు. పైన అంచు తప్ప మామూలుగానే ఉంది. తిరగేస్తే, యాసిడ్ అంచు మీంచి జారి అడుగుకు పాకిన చోట చెదలు తిన్న చెక్కలా గుల్లయిపోయి ఉంది. నేను తుడుస్తూ వచ్చింది పైపైనే.

ఇప్పుడు

ఇద్దత్ తీరిన వారానికి నేను ఆ పోలీసాయన పనిచేసే స్టేషనుకు పోయాను. ప్యాడులో ఒక పేజీ నిండా రాసుకుపోయాను. ఆ రోజు వాంగ్మూలం రాసుకున్నాయనే చదివాడు. మంచిగానే మాట్లాడాడు. వాంగ్మూలం ఇచ్చినాయన పోయినాడు కదమ్మా, ఫైలు మూసేసినారు, ఇప్పుడు ఇది ఇస్తే నీకే ఇబ్బంది, ఇంటికి పోయి ఆరోగ్యం చూసుకో అని ఆ కాగితం నా చేతిలోనే పెట్టాడు. ఇంకోసారి పోయాను. అదే మాట చెప్పి ఈసారి కుర్చీ వేసి మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

మా అన్న ఇంకా మా ఇంటికి రాలేదు. అంగడి మూతపడింది. ఆయన అద్దాలు గల్లాపెట్టె మీద ఎట్లా పెట్టి పోయాడో అట్లాగే ఉన్నాయి, వారానికోసారి తుడిచి మళ్ళీ అక్కడే పెడుతున్నాను. నా ఊపిరి ఇంతకంటే బాగుపడదని డాక్టరమ్మ చెప్పింది. చలికాలం జాగ్రత్తగా ఉండమంది.

ఫైల్లో ఆయన మాటే ఉంది, ఇక ఎప్పటికీ అదే ఉంటుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. సంచి పెట్టింది నేను, హుసేనమ్మను. తీయమని చెప్పింది ఆయన.